రెండో పాస్కెద్దా

మా అవ్వ పాస్కెద్దాకు తొంభై ఆరేళ్లు. ఈ సార్డీనియా కొండల్లో గొర్రెలు కాసింది, ఇద్దరు మొగుళ్లను సాగనంపింది. ఇప్పటికీ చీజ్ తనే వడగడుతుంది, ఉప్పు ఎక్కువైతే నన్ను తిడుతుంది.

గుర్తింపు కార్డులో మాత్రం వందేళ్లు. యుద్ధంలో పంచాయతీ కాగితాలు కాలిపోయాక, గుమాస్తా చర్చి జనన మరణాల పుస్తకంలో మొదట కనబడ్డ పాస్కెద్దా పుట్టినరోజునే ఆమెకు అంటగట్టాడు. కాదని ఆమె మొత్తుకుంటే విన్నవాడు లేడు. మా ఊరివాళ్ల జన్యువుల్లో తేడా ఉందట, అందుకే ఇన్నేళ్లు బతుకుతున్నారట. ఆ తేడా తేల్చాలని, ఆమెకు వంద నిండేదాకా అంటూ నాలుగేళ్లుగా డాక్టర్ ఫెర్రాండో వచ్చి ఆమె రక్తం పట్టుకుపోతున్నాడు.

కార్డు ప్రకారం వంద నిండాయని నిన్న మధ్యాహ్నం చర్చి ముందు పెద్ద విందు. ఫాదర్ బకిసియో ఆ పాత పుస్తకాన్నీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నూరేళ్లు!" అంటూ అందరూ గ్లాసులెత్తారు. గ్లాసెత్తితే మా దీవెన అదే.

"ఎవరికిరా నూరేళ్లు?" అవ్వ చేతికర్రతో బల్ల మీద బాదింది. "అది మా అక్క పుట్టినరోజు!"

డాక్టరు నాకేసి తిరిగి నవ్వాడు. "ఈ వయసులో మతి తప్పడం మామూలేనమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. "మతి లేనిది మీకు! మా ఊళ్లో బిడ్డ పోతే తర్వాతి బిడ్డకు అదే పేరు పెడతారు. ఇంకో నాలుగు పేజీలు తిప్పితే మీ చేతులు అరిగిపోతాయా?"

ఫాదర్ తిప్పాడు. 1919లో ఒక పాస్కెద్దా, 1923లో ఇంకొకతె. అమ్మానాన్నలు వాళ్లే. మొదటి పేరు పక్కన మరణం గడి ఖాళీ.

డాక్టరు మొహం మాడిపోయింది. "అయితే ఈ రక్తం లెక్కలోకి రాదు. వంద నిండినవాళ్లే కావాలి." అక్కడికక్కడే జాబితాలో అవ్వ పేరు కొట్టేశాడు.

"నాలుగేళ్లు జలగలా పీల్చి, ఇప్పుడు పనికిరాదా? సిగ్గులేదూ!" అని మీదికెళ్లాను.

"వాడి గొడవ మనకెందుకే, ఊరుకో," అంది అవ్వ. ఫాదర్ వైపు తిరిగింది. "ఫాదర్, అది జ్వరమొచ్చి పోయింది. దాని పేరు నాకు పెట్టారు, దాని గౌన్లు నాకు తొడిగారు. దానికి మిగిలింది ఆ పుట్టినరోజొక్కటే. అదీ నాకేనా? రాయండి, మూడేళ్లకే దానికి నూరేళ్లు నిండాయని."

డాక్టరు చేతిలో పెన్ను లాక్కుని ఫాదర్‌కిచ్చాను. ఆయన రాశాడు.

అవ్వకు చదువు రాదు. "ఎక్కడ?" అని అడిగి, ఆరని సిరా మీదే వేలు పెట్టింది.

"అక్కా," అంది.