ఎండలో పెట్టిన చిప్

ఈ చిప్ గురించి నేను చాలా చోట్ల చెప్పాను. మా షాపు పేజీలో రాశాను, రెండు మీటింగుల్లో మాట్లాడాను. ప్రతిసారీ అందులో ఒక వాక్యం అబద్ధం. "నా చేతికి వచ్చేసరికే చిప్ పోయింది" అనేవాడిని. నా చేతికి వచ్చినప్పుడు అది బాగానే ఉంది. పాడుచేసింది నేను.

2017 జూన్. ఇల్లినాయ్‌లోని అరోరాలో నాది చిన్న రిపేర్ షాపు. పాత వీడియో గేమ్ మెషీన్లు కొని, బాగుచేసి అమ్ముతాను. సరుకు ఎక్కువగా యార్డ్ సేల్స్‌లో దొరుకుతుంది. శనివారం ఉదయం ఏడింటికే బయల్దేరి, ఇళ్ల ముందు మడత బల్లల మీద పరిచిన సామాన్లు చూసుకుంటూ పోవాలి. పదింటికి వెళ్తే కాఫీ మగ్గులే మిగులుతాయి.

ఆ శనివారం ఒక బల్ల మీద ఇడ్లీ రేకులు, కుక్కర్లు కనిపించి కారు ఆపాను. సుభద్రమ్మ గారిది ఆ ఇల్లు. డెబ్బై దాటిన మనిషి. భర్త మూర్తి గారు పోయి రెండేళ్లయింది, ఇల్లు అమ్మి అపార్ట్‌మెంట్‌కి మారుతున్నారు. బల్ల కింద బూట్ల పెట్టెలో, మెషీన్‌లో గుచ్చి ఆడే గేమ్ కాట్రిడ్జ్ ఒకటి, పైన ప్లాస్టిక్ డబ్బా కూడా లేనిది, ఉంది. ఉత్త ఆకుపచ్చ బోర్డు, దాని మీద ఒక చిప్, చిప్ మీద చిన్న కాగితం స్టిక్కర్. స్టిక్కర్ మీద పెన్సిల్‌తో తెలుగులో "నాలుగోసారి సరిచేసినది" అని రాసి ఉంది. ఇన్నేళ్లలో అలాంటిది నేను చూడలేదు.

"అమ్మా, అది ట్రాష్. అది ఎవరు కొంటుంది?" అంది ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్లమ్మాయి.

"నువ్వుండవే. మీ నాన్న ఆరు నెలలు నిద్ర మానుకుని చేసింది," అని సుభద్రమ్మ గారు నా వైపు తిరిగారు. "అప్పట్లో ఇక్కడో చిన్న గేమ్ కంపెనీలో చేసేవారు బాబూ. ఇది బయటికి రాకముందే కంపెనీ మూసేశారు. ఒక్కసారి చూడవోయ్ అని ఎన్నిసార్లు పిలిచారో. పొయ్యి మీద కూర ఉందనేదాన్ని. ఇది అమ్మడానికి కాదు, తీసుకెళ్లు. నడిస్తే ఒక్కసారి నాకు చూపించు, చాలు."

అదే రోజు షాపులో బోర్డు తుడిచి, పాత గేమ్ మెషీన్‌లో పెట్టి టీవీకి కలిపాను. నడిచింది. పావుగంట ఆడాను.

అలాంటి చిప్‌ను ఈప్రామ్ అంటారు. దాని నెత్తిన గాజు కిటికీ ఉంటుంది. ఎండలో ఉండే అతినీలలోహిత కాంతి రోజుల తరబడి ఆ కిటికీలోంచి తగిలితే లోపల రాసినదంతా చెరిగిపోతుంది. అందుకే దాని మీద స్టిక్కర్ అంటిస్తారు. మా వృత్తిలో మొదటి నియమం, అలాంటిది దొరికితే ముందు కాపీ తీసుకోవాలి. కాపీ తీసే రీడర్‌ని టెక్సాస్‌లోని కాపెల్‌లో ఉన్న స్నేహితుడికి ఇచ్చి ఉన్నాను. ఎలాగూ ఆ వారం ఒక ఎగ్జిబిషన్‌కి అక్కడికే వెళ్తున్నాను, తెచ్చుకుని కాపీ తీశాకే సుభద్రమ్మ గారికి చూపిద్దామనుకున్నాను.

బోర్డు బేస్‌మెంట్ చెమ్మ వాసన కొడుతోంది. స్టిక్కర్ అంచులకు బూజు పట్టింది. ఆ తెలుగు అక్షరాలు పోతాయేమోనని స్టిక్కర్‌ని జాగ్రత్తగా ఊడదీసి పుస్తకం మధ్యలో పెట్టాను. బోర్డును కిటికీ గట్టు మీద ఎండలో పెట్టాను. అప్పడాలైనా పరుపులైనా, చెమ్మ వాసన వస్తే మన ఇళ్లలో చేసే పని అదే కదా. సాయంత్రం తీసేద్దామనుకున్నాను. మర్చిపోయి కాపెల్ వెళ్లిపోయాను.

పది రోజుల తరవాత రీడర్‌తో తిరిగొచ్చి చిప్‌ను చదివితే అంతా ఖాళీ. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ ఖాళీ.

సుభద్రమ్మ గారికి ఫోన్ చేసి, పాతబడి ముందే పోయిందమ్మా అని చెప్పాను. స్టిక్కర్‌ని ఫ్రేమ్ కట్టించి ఇచ్చాను.

"కాగితం ముక్కని కూడా ఇంత భద్రంగా తీశావు. ఎంత జాగ్రత్త గల మనిషివయ్యా," అన్నారు. ఆ మాట ఊరంతా చెప్పారు. దానివల్ల నాకు గిరాకీ కూడా పెరిగింది.

గత ఏడాది తెలుగు సంఘం మీటింగ్‌లో పాత మెషీన్ల గురించి మాట్లాడమంటే మళ్లీ ఇదే కథ చెప్పాను. మూడో వరసలోంచి సుభద్రమ్మ గారు లేచి, "ఆ చిప్ మా వారిదే. ఈ అబ్బాయి చేతికి ముందే వచ్చి ఉంటే బతికేది," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. తరవాత నేనేం మాట్లాడానో గుర్తులేదు.

మర్నాడు ఆమె అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. కూర్చోకుండానే చెప్పేశాను. మీరిచ్చిన రోజు అది నడిచిందని, ఎండలో పెట్టి నేనే పాడుచేశానని, భయపడి అబద్ధమాడానని, క్షమించమని.

ఈనె తీయడం ఆపి, "నడిచిందా?" అన్నారు.

"నడిచిందమ్మా."

"ఏముంది అందులో?"

"మంచు కురుస్తుంటుంది. ఎర్రచీర కట్టుకుని, పెద్ద బూట్లేసుకుని ఒకావిడ బస్సు కోసం పరిగెత్తుతుంటుంది. కాలు జారి పడుతుంది. మనం బటన్ నొక్కితే లేచి, చీర దులుపుకుని మళ్లీ పరిగెత్తుతుంది."

ఆమె చేతిలోని చిక్కుడుకాయ కింద పెట్టారు. "అమెరికా వచ్చిన ఏడాది ఆయన బూట్లేసుకునే తిరిగేదాన్ని. ఎన్నిసార్లు పడ్డానో. నవ్వకుండా చూస్తూ నిలబడేవారు." మళ్లీ నా వైపు తిరిగి, "బస్సు దొరుకుతుందా?" అన్నారు.

"నాకు రెండుసార్లు దొరికిందమ్మా."

ఆమె నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"వస్తువన్నాక పోతుంది బాబూ. దానికేముంది. కానీ నువ్వు చూశావు. ఇదే ఊళ్లో ఉండి, పండక్కీ పబ్బానికీ ఎదురుపడుతూ, చూసింది నాకు చెప్పలేదు."

నేను దారంతా కూడబలుక్కుని వచ్చిన క్షమాపణ చిప్ గురించినది. అది ఆమె అడగనే లేదు. అప్పుడు కూర్చున్నాను.

"చూసింది మీకు చెప్పకుండా దాచుకున్నానమ్మా. అది మీది. నన్ను క్షమించండి," అన్నాను.