మెత్తని వేళ్లు

నలభై దాటాక నేర్చుకుందామని నిజామాబాద్‌లో నైలాన్ తీగల గిటారు కొన్నాను. ఆ తీగలు వేళ్లను కోయవని షాపులో అన్నారు. బోధన్ బస్సులో పట్టుకుని చూస్తే తీగలు నొక్కే మెడ మరీ వెడల్పు, నా చిటికెనవేలు చివరి తీగను అందుకోలేదు. మార్చుకునే గడువు సాయంత్రం వరకే. దారిలో ఎడపల్లిలో దిగి వెనక్కి పోవాలా అని ఒకటే గుబులు.

పక్క సీట్లో ఒక అవ్వ, ఒడిలో బీడీ ఆకు కట్టతో కూర్చుంది. "ఏమైంది బిడ్డా?" అంది. చెప్పాను.

"నేను బీడీలు నేర్సినప్పుడు నా చేతికి సరిపొయ్యే ఆకు ఎవలియ్యలె. అందరికి గదే కొలత. ఏడ్సుకుంటనే చుట్టిన," అంటూ నా వేలి కొసను గోటితో నొక్కింది. "ఇంక మెత్తగనే ఉన్నది, గట్టివడనే లేదు. గప్పుడే వాపసా?"

ఎడపల్లి వచ్చింది. నేను దిగలేదు.

ఇప్పటికీ వాయించే ముందు వేలి కొసలు గోటితో నొక్కి చూసుకుంటాను. మిగతావి గట్టిపడ్డాయి, చిటికెనవేలు ఇంకా మెత్తగానే ఉంది.