మా కోడలు ముందే చెప్పిన డబ్బా

మా కోడలు నవనీతకు ఒక రోగమున్నది. ఇంకా పుట్టని కంప్యూటర్ గురించి, దాన్ని ఒళ్లె పెట్టుకొని ఆడిస్తున్నట్టు మాట్లాడుతది. "ఈసారి వచ్చేది ఇంకా చిన్నగుంటది అత్తమ్మా. మెమరీ డబుల్ చేస్తరు. ముందల కూడ వైర్లు పెట్టనీకి సందులిస్తరు" అంటది. ఎవరు చెప్పిన్రే నీకు అంటే, "ఎవరు చెప్పుడేంది, అట్లనే చేస్తరు" అంటది. చూడున్రి ధైర్యం! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నా పేరు రేణుకమ్మ. గద్వాలల మగ్గమోళ్ల ఇంట్ల పుట్టిన, రెండు గల్లీల అవతల మగ్గమోళ్ల ఇంటికే కోడలుగ వచ్చిన. చీర నేసుడు తప్ప వేరే విద్య తెల్వదు. మా ఆయన, పేరు చెప్తే ఇప్పుడేమైతది గని, చెన్నయ్య. చీరలకు డిజైన్లు గీసేటోడు. కండ్లకు పొర వచ్చేదాంక గళ్ల కాయిదం మీద గీసుకుంటనే బతికిండు. ఆ గీత ఆగిపోయిన ఇంట్లకు అమరచింత నుంచి ఈ పిల్ల వచ్చింది, ఒక పాత కంప్యూటర్ను వెంటేసుకొని.

పెద్ద డబ్బా అది, నా మోకాళ్ల దాక వచ్చేది. బుసకొట్టుకుంట నడిచేది. మగ్గం గదిల నూలు నుసి ఎంత లేస్తదో మగ్గం మీద కూసున్నోళ్లకే ఎరుక. అదంత దాని పొట్టలకే పోయేది. విప్పి బ్రష్షు పెట్టినప్పుడల్ల పిడికెడు దూది వచ్చేది. "దిండు కుట్టుకుందమా ఏంది?" అని మా ఆయన నవ్వేటోడు.

ఆ పిల్ల చేసేది ఆయన చేసిన పనే, చెయ్యి మారింది అంతే. స్క్రీన్ మీద గళ్లల్ల రంగు నింపుతది. ఆ డిజైన్ను పెన్‌డ్రైవ్‌ల ఏసి అట్టలు కొట్టేటాయనకిస్తది. ఆ అట్టలు మగ్గం మీదికెక్కితే ఏ పోగు లేవాలె, ఏ పోగు దిగాలె అని అవే చెప్తయి. నడుమ నా కొడుకు సుమన్ పిలిస్తే మగ్గం కాడికి ఉరుకుతది. మా కుప్పడం చీరకు ఇద్దరు కూసోవాలె. నడుమ నూలు పోగును అటు ఇటు తీస్కపోనీకి ఒక నాడె, అంచుల పట్టుకు వేరే నాడెలు, అటు ఇటు అందించుకోవాలె. ఒక చెయ్యి నాడె మీద, ఒక కన్ను స్క్రీన్ మీద. మంచి పనిమంతురాలే, కాదనను. స్క్రీన్ మీద వేలు పెడితే మాత్రం మీద పడ్తది. "అత్తమ్మా, ముట్టుకోకు! నూనె చేతులు!" అని నా ఇంట్ల నన్నే కసురుతది.

ఇగ అసలు సంగతి నా పెండ్లి చీర. మా నాయిన చేతితోని నేసింది. మగ్గమోళ్ల ఇంట్ల చీర నిలవదు, నేసింది నేసినట్టే షావుకారు ఇంటికి పోతది. మా నాయిన బతికినన్నొద్దులు నేసిన చీరలు ఏ ఊర్ల ఎవరి పెట్టెలున్నయో ఆ దేవునికే తెల్వాలె. నాకు మిగిలింది ఇదొక్కటే. దీనికి కూడ మడత పడ్డ కాడల్ల చీలుడు మొదలైంది. కొంగుల రెండు పెద్ద పిట్టలుంటయి. ఒక పిట్ట తలకాయ ఉండాల్సిన కాడ అరచెయ్యంత బొక్క పడ్డది.

చీర తీస్కపోయి నవనీత ముందల పెట్టిన. "ఇది మన్నుల కలిసేలోపల నీ డబ్బాల పెట్టు బిడ్డా. మళ్ల నేసుకుందం. మా నాయిన చెయ్యి ఇంకేడ లేదు" అన్న.

భూతద్దం పట్టుకొని పోగు పోగు చూసి గళ్లల్ల ఎక్కించుకుంట కూసుంది. అంచు మంచిగనే ఎక్కింది. కొంగు కాడికొచ్చేసరికి పాత డబ్బా మొండికేసింది. గట్టి జరీ పని గదా, సగం నింపంగనే ఉలుకు పలుకు లేకుండ ఆగిపోయేది. మళ్ల మొదటి నుంచి. చీర విప్పుడు, మడత పెట్టుడు. విప్పినప్పుడల్ల ఇంకొక్క చీలిక.

"దుకాణంల ఉన్నదేదో కొనుక్కరా పో" అన్న. వనపర్తిల శ్రవణ్ కుమార్ అని కంప్యూటర్ల దుకాణమాయన, నవనీతకు తెలిసినోడే. ఇద్దరం బస్సెక్కి పోయినం. ఆయన ఒక చిన్న డబ్బా చూపించిండు, వెండి రంగుది, మన పూరీల పళ్లెమంత. పిల్ల దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "వద్దన్నా, ఆగుత. కొత్తది వస్తది" అన్నది. నాకు ఒళ్లు మండింది.

"ఎవరు చెప్పిన్రమ్మా?" అన్నడాయన.

"ఇదే చెప్తుంది. ఇన్నేండ్ల సంది ఈ పెట్టె మారలె. లోపల సామాన్లు చిన్నగయినయి, సగం పెట్టె ఖాళీ. ఖాళీ పెట్టెను ఎన్నొద్దులు అమ్ముతరు? ఆ కంపెనోళ్లు వేరే కంప్యూటర్లకు మెమరీ పెంచుకుంట వస్తున్నరు, దీన్నొక్కదాన్ని ఇడుస్తరా? నా కొంగు మొత్తం ఒక్కసారి తెరుచుకోవాలంటే ఈ మెమరీ సాలదన్నా."

"అందరు ఇట్లనే ఊహిస్తరమ్మా. ఫోన్లల్ల దొంగ ఫొటోలు చూసి పరేషాన్ అయితరు. ఒకవేళ మార్చిన్రే అనుకో, నీ పెన్‌డ్రైవ్ పెట్టే సందు తీసేస్తే ఏం చేస్తవ్?"

"అది తియ్యరన్నా! అది తీసి ఎట్ల అమ్ముతరు?" అని నవ్వింది.

ఒట్టి చేతులతోని ఇంటికొచ్చినం. బస్సుల దానితోని మాట్లాడలె నేను. ఇంటికొచ్చి ఊకున్నదా అంటే అదీ లేదు. మగ్గం గది గోడల దీపం పెట్టే గూడున్నది. ఆ గూటిని జానతోని కొలిచింది, బెత్తతోని కొలిచింది. "కొత్తది దీంట్ల పడ్తది అత్తమ్మా. నుసి తగలదు, ఎత్తు మీదుంటది" అన్నది. కరెంటాయనను పిలిచి గూట్ల బొక్క కొట్టించి, ప్లగ్గు కూడ పెట్టించింది.

"పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినవ్ గదనే! నా దీపం ఏడ పెట్టాలె?" అని గయ్యిమన్న.

"కింద పీట మీద పెట్టత్తమ్మా, దేవుడు వంగి చూస్తడు" అన్నది. మా ఆయన పండుకున్న కాడనే కిసకిస నవ్వుతుండు. ఆయనెప్పుడు కోడలి దిక్కే.

ఒకనాడు చీర విప్పుతుంటే పర్రుమని చినిగింది. మంచి అంచు మీదికే పోయింది చీలిక. నా పానం పోయినంత పనైంది. "నా చీర సస్తుంటే నువ్వు రాని డబ్బా కోసం దారి చూస్తున్నవ్! నీకు కంప్యూటరే ఎక్కువ, మా నాయిన ఎక్కువ కాడు!" అని అరిచిన. ఆ పిల్ల ముఖం చిన్నగైంది. "సగం సగం ఎక్కిస్తే ఆగమైతదని భయం అత్తమ్మా" అన్నది మెల్లగ.

ఆ మాట ఇన్నంక నాకు కోపంల కూడ నవ్వొచ్చింది. "ఓసి పిచ్చిదానా, మనం ఎన్నడన్న చీరను ఒక్క ముక్కగ నేసినమా? నడుమ నూలు, అంచు పట్టు, కొంగు పట్టు. కొంగు వచ్చే కాడ నూలు పోగుకు పట్టు పోగు అతుకుతం. అతికిందని కట్టుకున్నోళ్లకు తెలుస్తదా? నీ డబ్బాల కూడ గట్లనే ముక్కలు ముక్కలు చెయ్యి. ముక్క ముక్కకు పక్క ముక్కల నుంచి నాలుగు పోగులు ఎక్కువ ఒదులు, తర్వాత అతకనీకి."

ఆ పిల్ల లేచొచ్చి గట్టిగ పట్టుకున్నది. "ఇది నాకెందుకు తట్టలేదత్తమ్మా!"

"మగ్గం దిగంగనే మగ్గం బుద్ధి మరుస్తవ్, అందుకు."

ఇగ చీరను మడత పెట్టుడు బంద్ చేసినం. నులక మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద ఏసి ఉంచినం. మనుషులం చాప మీద పండుకున్నం. ఒక్కొక్క ముక్క ఎక్కుకుంట పోయింది. ముక్క చిన్నగుంటే పాత డబ్బా కూడ కిక్కురుమనకుండ పని చేసింది. మిగిలింది రెండు పనులు. ముక్కలన్ని అతికి ఒక్కతాన చూసుడు, అది పాత డబ్బాతోని కాదు. ఇంకోటి ఆ బొక్క.

"దాంట్ల ఏమున్నది నవనీతా? రెండు పిట్టలు ఎదురెదురుగ ఉంటయి. ఇటు పిట్ట మంచిగున్నది గదా, దాన్నే తిప్పి అటు పెట్టు" అన్నడు మా ఆయన.

"ఇప్పుడే చెప్పను మామా. కొంగంత ఒక్కసారి చూసినంక చెప్త."

ఆ బొక్కల ఏముండెనో నాకు తెల్సు. కావాలనే చెప్పలె. పుట్టని డబ్బా సంగతి అంత గట్టిగ చెప్పేటిది, ఉండి పోయినదాని సంగతి చెప్తదో లేదో చూద్దామనుకున్న. నా మొండితనం నాది. అది తప్పు చెప్తే ఆ తప్పే నేయాలె. మా ఆయన చెప్పినట్టు తిప్పి పెట్టిందంటే చీర చీరగనే ఉంటది గని మా నాయినది కాదు.

దీపావళి ముందల ఒకనాడు మగ్గం మీది నుంచి కేక పెట్టింది నవనీత. నాడె ఎగిరి గుచ్చుకున్నదేమో అని ఉరికిన. చేతుల ఫోన్. "వచ్చిందత్తమ్మా! చిన్నది! మెమరీ డబుల్!" ఎగురుతుంది. నేను నమ్మలె. జరసేపటికి శ్రవణ్ కుమారే ఫోన్ చేసిండు. "నీ నోట్ల చక్కెర పొయ్య, ఎట్ల చెప్పినవమ్మా!" అన్నడు.

డబ్బా ఇంటికొచ్చింది. అరచేతుల పెట్టుకుంటే పట్టింది, చిన్న బెల్లం అచ్చులెక్క. కుంకుమ బొట్టు పెట్టిన. గూట్ల పెడితే సరిపోయింది. అయితే బటన్ ఏడున్నదో దొరకలె. ముందల లేదు, ఎనక లేదు. నేనే ఎత్తి చూసిన, అడుగున ఉన్నది!

"అన్ని తెల్సినదానివి, ఇది తెల్వదా?" అన్న.

"ఇది మాత్రం నా కలల కూడ లేదత్తమ్మా" అని నవ్వుకుంట పెన్‌డ్రైవ్ తీసింది. పెట్టే సందు లేదు. మొత్తం తీసేసిన్రు. శ్రవణ్ కుమార్ చెప్పిందే నిజమైంది. మళ్ల వనపర్తికి పోయి పెన్‌డ్రైవ్‌కు డబ్బాకు నడుమ పెట్టే అతుకు ముక్క తెచ్చుకున్నది. "అతుకు లేంది మన ఇంట్ల ఏది నడవదు" అన్నడు మా ఆయన.

ముక్కలన్ని తెరిచింది. బుస లేదు, ఆగుడు లేదు. ఒక్కొక్క ముక్క పక్క ముక్కకు అతుక్కున్నది. మా నాయిన కొంగు మొత్తం ముందల నిలబడ్డది. నా పెండ్లినాడు చూసినంక అంత నిండుగ మళ్ల నేను చూడలె. నడుమ తెల్లగ బొక్క.

"తిప్పి పెట్టు బిడ్డా, అయిపోతది" అన్నడు మా ఆయన.

ఆ పిల్ల బొక్క అంచులెంబడి బాణం గుర్తును మెల్లగ తిప్పింది, ఇటు చూసింది, అటు చూసింది. "కాదు మామా. ఈ పిట్ట అటు చూస్తలేదు" అన్నది. గళ్లల్ల రంగు నింపుడు మొదలుపెట్టింది. మెడ ఎనకకు తిప్పింది. ముక్కు రెక్క మీదికి తెచ్చింది. ఒక పిట్ట ముందలికి చూస్తుంది, ఇంకొకటి ఎనకకు తిరిగి చూస్తుంది.

నేను అక్కడనే కూసున్న.

"ఎట్ల తెలిసెనే నీకు?"

"ముందలికి చూస్తే ముక్కు కొస బొక్క దాటి ఇవతలికి రావాలత్తమ్మా. ఇవతల ఒక్క జరీ పోగు లేదు. మెడ మొదలైన కాడ జరీ ఎనకకు వంగింది. అట్లనే ఉండి ఉంటది." డబ్బా సంగతి చెప్పినట్టే చెప్పింది, అదే గొంతుతోని.

అప్పుడు చెప్పిన. నన్ను అప్పగించేనాడు నేను ఊకనే ఏడుస్తుంటే అందరు నవ్విన్రు, రెండు గల్లీల అవతలికి పోనీకి ఏడుపెందుకని. మా నాయిన ఒక్కడు నవ్వలె. కొంగు నా చేతుల పెట్టి ఆ పిట్టను చూపించిండు. "ఇది ఎనకకు చూస్తుంది బిడ్డా. నువ్వు కూడ జర ఇటు చూసుకుంట ఉండు" అన్నడు. మరుసటేడు వానకాలంల ఆయన పోయిండు. ఆ మగ్గం కూడ పోయింది, ఇప్పుడక్కడ వేరేటోళ్ల ఇల్లున్నది. గీ మాట నేనెవరికీ చెప్పలె, మా ఆయనకు కూడ.

మా ఆయన కండ్లు తుడుచుకున్నడు. నేను లేచి, ఎనకకు చూస్తున్న ఆ పిట్ట ముఖం మీద వేలు పెట్టిన. తలకాయకు నూనె పెట్టుకొని వచ్చిన చెయ్యే అది. మరక పడ్డది. ఆ పిల్ల దాన్ని తుడవలె.