బతికున్నవాడి ఫోటో

మొన్న దీపావళికి అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని, గుమ్మానికి కట్టడానికి బంతిపూలు గుచ్చుతున్నాను. తొమ్మిదేళ్ళ మనవరాలు వచ్చి తనకూ కాసిని పూలు కావాలంది. మెక్సికో వాళ్ళు చనిపోయినవాళ్ళ కోసం ఇంట్లో బల్ల అలంకరిస్తారని బడిలో చెప్పారట, పిల్లలంతా ఇంటి దగ్గర అలాంటిదొకటి చేయాలట. రంగుకాగితాల తోరణాలూ ప్లాస్టిక్ పుర్రెలూ దుకాణంలో ముందే కొనుక్కొచ్చేసింది. "అమ్మమ్మా, తాతయ్య ఫోటో ఆల్రెడీ తీసుకున్నా. ఇంకో డెడ్ పర్సన్ ఫోటో ఉందా నీ దగ్గర?" అని, రబ్బరు ముక్క అడిగినంత తేలిగ్గా అడిగింది. నా చేతిలో సూది ఆగిపోయింది. ఉంది, చీరల అడుగున, ఒక కవరులో.

డెబ్భైల చివర్లో మేం టెక్సాస్‌లో, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో ఈ దేశానికి వచ్చిన నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తెలుగు మాట వినాలంటే కారులో మూడు గంటలు పోవాలి, గుడి మాట సరేసరి, వంటింటి అలమరలో పప్పుల డబ్బాల పక్కనే దేవుళ్ళు సర్దుకునేవాళ్ళు. మాకొక నాలుగేళ్ళ కొడుకు. వాడి గుండెలో పుట్టుకతోనే రంధ్రం ఉంది, నాలుగడుగులు పరిగెత్తితే పెదవులు నీలంగా మారేవి. నవంబరులో ఆపరేషన్ అని రాసిచ్చారు. నేను మొక్కని దేవుడు లేడు, కట్టని ముడుపు లేదు.

పక్కింట్లో ఒక మెక్సికన్ పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అంతంతమాత్రమే కావడంతో మాకు బాగా కుదిరింది. మావాణ్ణి తన పెరట్లో మిరపమొక్కల మధ్య కూర్చోబెట్టుకుని, వీడికి ఏం ఇష్టమని నన్ను అడిగి తెలుసుకుని, అదేదో తన వంటలో వేసి తెచ్చేది. ఉప్మాలో జీడిపప్పు ఏరుకుని తిని, ఉప్మా నాకు వదిలేసేవాడని చెబితే, మర్నాటి నుంచి ఆవిడ తీపిరొట్టె మీద జీడిపప్పు అద్దడం మొదలుపెట్టింది.

అక్టోబరు నెలాఖరున ఒక మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచి, ముందుగదిలో తాను అలంకరించిన బల్ల చూపించింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. పైన వెలుగుల మధ్య మేరీమాత పటం, చుట్టూ బంతిపూల తోరణం, దీపాలు, ధూపం, పళ్ళు, మంచినీళ్ళ గ్లాసు! ఈ దేశం వచ్చిన అయిదు నెలలకు ఒక ఇంట్లో పండుగ కళ చూశాను. చక్కెరతో చేసిన పుర్రెలు ఉన్నాయి, పుర్రెల దండ వేసుకున్న అమ్మవారు మనకూ ఉంది కదా అనుకున్నాను. బీరు సీసా ఉంది, మన గ్రామదేవతలకు కల్లు పోయరూ అనుకున్నాను. మేరీమాత ముందు నాలుగైదు ఫోటోలు ఉంటే, మనం శుభలేఖ దేవుడి పాదాల దగ్గర పెట్టినట్టు, ఇంటివాళ్ళను చల్లగా చూడమని పెట్టుకుందని తేల్చేశాను. ఇంత తెలివి ఎక్కడ దొరుకుతుంది! ఆవిడ వేడి చాక్లెట్ కలపడానికి వంటింట్లోకి వెళ్ళగానే, ఆసుపత్రి కాగితాల కోసం తీయించిన మావాడి ఫోటో చేతిసంచీలోంచి తీసి, కళ్ళకద్దుకుని, ఆ ఫోటోల మధ్య నిలబెట్టి దణ్ణం పెట్టాను. ఎన్నాళ్ళకో గుండె తేలికై ఇంటికి వచ్చాను.

గంట కూడా కాలేదు, ఆవిడ చెప్పులైనా లేకుండా గడ్డిలో పరిగెత్తుకుంటూ వచ్చింది. ఫోటోను గుండెకు అదుముకుని ఏడుస్తోంది. ఆ బల్ల దేవతకు కాదట. అక్కడున్నవాళ్ళంతా, తల్లి, భర్త, చెల్లెలు, అందరూ పోయినవాళ్ళే. ఏడాదికొకసారి వాళ్ళు ఇంటికి వస్తారు, ఆ పూలూ తిండీ వాళ్ళకు. బతికున్నవాళ్ళ ఫోటో ఆ బల్ల మీద పెట్టకూడదు. ఎందుకు పెట్టకూడదో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. మావాడి మణికట్టుకు ఎర్రదారం కట్టి, నుదుటిన శిలువ గీసి వెళ్ళిపోయింది. మావారికి ఈ సంగతి చెప్పలేదు. చివరిదాకా చెప్పలేదు.

ఆపరేషన్ అయిన మూడో రోజున వాడు పోయాడు.

రంధ్రం ఫోటో వల్ల పడలేదని నాకు తెలుసు, బి.యస్సీ. చదివినదాన్ని. తెలిసి ఏం లాభం? ఆవిడ కిటికీ వైపు తెర వేసేశాను, తలుపు కొడితే తీయలేదు. మా పెరట్లో బంతిమొక్కలన్నీ వేళ్ళతో సహా పీకేశాను. అంత చిన్నపిల్లలకు తద్దినాలు ఉండవనీ, వాడి వస్తువులు కంటికి కనపడకుండా చేసి మనసు మళ్ళించుకోమనీ మా అత్తగారు ఉత్తరం రాశారు. మావారు ఫోటోలన్నీ పెట్టెలో వేసి తాళం పెట్టారు. ఆ ఆసుపత్రి ఫోటో ఒక్కటే నా దగ్గర మిగిలింది. వాడికంటూ ఏడాదిలో ఒక్క రోజు లేదు, వాడి పేరు పలకడానికి ఇంట్లో ఒక మూల లేదు.

మరుసటి అక్టోబరులో తెర సందులోంచి చూశాను. పోయినవాళ్ళకు ఇంటి దారి తెలియాలని ఆవిడ వీధి గేటు నుంచి గుమ్మం దాకా బంతిరేకులు చల్లింది. ఇంకో వరస రేకులు మా ఇంటి కంచె దగ్గర మొదలై ఆవిడ గుమ్మానికి వెళ్తున్నాయి. ఫోటో తీసుకుని ఆ రేకుల పక్కనుంచే నడిచి వెళ్ళాను. బల్ల మీద ఫోటోల మధ్య ఒక చిన్న గ్లాసు పాలు, జీడిపప్పు అద్దిన రొట్టె, వాటి వెనక కాస్త ఖాళీ. అంతకుముందు ఏడాది నేను ఫోటో పెట్టింది సరిగ్గా అక్కడే. నా చెయ్యి ముందుకు పోలేదు. ఆవిడే నా చేతిలోంచి ఫోటో అందుకుని పెట్టి, ఇప్పుడు పరవాలేదమ్మా అన్నట్టు తల ఊపింది. నేనా గదిలో నేలమీద కూర్చుని, ఏడాదిగా బిగబట్టిన ఏడుపంతా ఏడ్చాను.

ఎనభైల మధ్యలో ఆ ఊరు వదిలేదాకా ఏటా వెళ్ళాను. తర్వాత, వాడు పోయాక పుట్టిన అమ్మాయి చదువు, ఉద్యోగాలు, ఊళ్ళు మారడం. కొత్త ఇళ్ళల్లో అలాంటి బల్ల పెట్టే ధైర్యం నాకు రాలేదు. నీకొక అన్నయ్య ఉండేవాడని అమ్మాయికి ఒకసారి చెప్పాను, తను మళ్ళీ అడగలేదు, నేను మళ్ళీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ చక్కెర పుర్రెలు ప్లాస్టిక్‌వై దుకాణంలో గుట్టలుగా పోసి ఉన్నాయి, చొక్కాల మీద కూడా బొమ్మలు వేస్తున్నారు. వాటిని చూసి ఎవరూ భయపడటం లేదు. మంచిదే, మా భయాలు మాతో పోనీ.

కవరు తీసి ఫోటో చూపించి, ఇతను నీ మావయ్య అన్నాను. తనకంటే చిన్నవాడు మావయ్య ఏమిటని పిల్ల చాలాసేపు చూసింది. తర్వాత, బల్ల మీద పెట్టాలి కదా, తనకి ఏం తినడం ఇష్టమని అడిగింది. ఆ పెద్దావిడ తర్వాత ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. జీడిపప్పు అన్నాను. వంటింట్లోకి పరిగెత్తి గిన్నె నిండా తెచ్చింది. ఫోటో మాత్రం నువ్వే పెట్టమ్మా, నా చెయ్యి మంచిది కాదన్నాను. ఎందుకని అడగకుండా, తాతయ్య పక్కన పెట్టింది.