ఒక పదును, నాలుగు పెన్‌డ్రైవ్‌లు

మా నాయన తన జీవితంలో నాలుగు బోర్లు వేయించాడు. ఒక్కదాంట్లోనూ చెంబెడు నీళ్లు పడలేదు. ప్రతిసారీ అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగే ఒక పెద్దమనిషి వచ్చేవాడు. టెంకాయ ఎక్కడ నిలబడితే అక్కడ సున్నంతో గుర్తు పెట్టేవాడు. బండ తగిలి దుమ్ము తప్ప ఏమీ రాకపోతే, "ఈ పక్కకు పదడుగులు జరిగింటే పడేదప్పా" అనేవాడు. మా నాయన పదడుగులు జరిగేవాడు. కింద ఏముంది, నీళ్లు ఎందుకు పడలేదు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

నేను కదిరిలో లెక్కల మాస్టరును. కారణం తెలుసుకోకుండా చోటు మార్చేవాళ్ల గురించి తరగతిలో తరచూ చెబుతుంటాను, మా నాయన పేరు ఎత్తకుండా. ఇంట్లో మాత్రం పేరు పెట్టే ఎగతాళి చేసేవాణ్ణి. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. నా నలుపు నాకు పోయిన ఏడాది ఆరుద్ర కార్తెలో ఒక పాత లాప్‌టాప్ తెర మీద కనబడింది.

ముందు ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మా ఊరు నల్లమాడ దగ్గర. ముప్పై ఏళ్లకు పైగా ఊళ్లో పడిన ప్రతి వానా మా నాయన ఒక పొడుగాటి పుస్తకంలో రాశాడు. మా వైపు వానలకు ముప్పై ఏళ్లకు ఒక్క పుస్తకం చాలింది, వెనక కొన్ని పేజీలు మిగిలాయి కూడా. వాన వెలిసిన వెంటనే చేలోకి పోయి, మట్టి తవ్వి, తడి ఎంత లోతుకు దిగిందో చేత్తో కొలిచేవాడు. ఆ తడినే పదును అంటారు. బెత్తెడు, జానెడు, మూరెడు, ఇవే ఆయన కొలతలు. తారీఖు, కార్తె, పదును వరసగా రాసి, పక్కన సన్నటి అక్షరాలతో ఏవేవో గిలికేవాడు.

ప్రతి ఏడూ మొదటి మంచి వాన పడగానే ఆ పుస్తకం తీసి, వెనకటి ఏళ్లు తిరగేసి, వేరుశనగ ఇప్పుడే విత్తాలా, ఇంకో వానకు ఆగాలా అని తేల్చుకునేవాడు. గింజ ఒక్కసారే మట్టిలోకి పోతుంది. తర్వాతి వాన మొహం చాటేస్తే మొలక అక్కడే మాడిపోతుంది, మళ్లీ విత్తడానికి ఇంట్లో గింజ ఉండదు. ఊళ్లో మరో నలుగురు కూడా ఆయన విత్తే గొర్రు కదిలితేగాని తమది కదిలించరు.

పోయిన ఏడాదే, వేసవి సెలవుల్లో ఆ పుస్తకాన్ని నేను కదిరికి తెచ్చాను. చదువుకున్న కొడుకును కదా, చెదలు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానన్నాను. "చించొద్దు రా" అని మాత్రం అన్నాడు మా నాయన. చించలేదు. వారం రోజులు కూర్చుని, పక్కన గిలికిన సొదంతా వదిలేసి, అసలు సంగతి మూడు నిలువు వరుసల్లో పొందికగా కొట్టాను. పని అయిన రెండో రోజు మా వీధిలోకి పాత పేపర్ల బండి వచ్చింది. ఆ బండివాడు కాగితాలకు బదులు ఎర్రగడ్డలు తూచి ఇస్తాడు. ఉల్లిపాయల్ని మేము అట్లాగే అంటాము. వార్తాపత్రికల కట్టతో పాటు ఆ పుస్తకాన్నీ తక్కెట్లో పెట్టేశాను. ఎక్కించేశాక ఇంకా కాగితమేమిటి? ఆ రోజు మా ఆవిడ నూరిన ఎర్రగడ్డ కారం బ్రహ్మాండంగా కుదిరిందని కూడా నాకు గుర్తు.

మా నాయనకు ఈ సంగతి చెప్పలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అబద్ధం ఆడే వంశం కాదు మాది. ఇక ఫైలుకు రెండో కాపీ పెట్టుకోవడమంటారా, అది నేను పిల్లలకు చెప్పే పాఠం. పిల్లలు చేస్తే చాలు.

జూన్ ఆఖరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు.

"వాన పడినాది రా. జానెడు పదునుండాది. అందరూ గింజలు వలుచుకోని నా మొగం చూస్తాండారు. నువ్వు ఎక్కించినావే, అది తీసి చూడు. ఆరుద్రలో ఈ మాదిరి పడిన ఏండ్లు కావాల నాకు."

"పదును ఎన్నాళ్లుంటుంది నాయనా?"

"ఎర్రనేల గదప్పా. సోమవారం దాటితే ఇటుకే."

అప్పటికి మూడు రోజులుగా నా లాప్‌టాప్ లేవడం లేదు. అప్‌డేట్ పేరుతో తనను తాను కొత్తగా చేసుకుంటానని మొదలుపెట్టి, సగంలో మనసు మార్చుకుంది. తెర మీద తెల్లచుక్కలు గుండ్రంగా తిరుగుతుంటాయి, అంతే. ఈ మాట మా నాయనతో అనలేదు. "చూసి చెబుతాలే" అన్నాను, ఎంతో పని ఒత్తిడిలో ఉన్నవాడిలా.

బస్టాండు వెనక నెట్ సెంటర్ నడిపే భాయ్ ఒకాయన ఉన్నాడు. లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన మూత తీసి, వేసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"లోపల డిస్కు బతికే ఉండాది సార్. పై సిస్టమే పోయినాది. లినక్స్ అని ఇంకో సిస్టమ్ ఉండాది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి లేపినామంటే, అది పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తాది. అప్పుడు మీ ఫైలు బయటికి లాక్కోవచ్చు."

ఇంతేనా అనిపించింది. పాత యంత్రాలకు సరిపోయే తేలికపాటి లినక్స్ ఒకటి ఆయన నెట్‌లోనే దింపుకున్నాను. మా వైపు పెన్‌డ్రైవ్ అంటే ట్రాక్టరులో పాటలు వినడానికి. పాటలు ఎక్కించినట్టే ఆ ఫైలునూ ఎక్కించుకుని ఇంటికొచ్చి, లాప్‌టాప్‌కు గుచ్చి, ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కాను. ఏ పరికరంతో లేవాలో అడిగే పట్టిక వచ్చింది. అందులో పెన్‌డ్రైవ్‌తో లేవమని చెప్పాను. ఒక్క క్షణం ఆలోచించి మళ్లీ తన తెల్లచుక్కలు తాను తిప్పుకుంది.

తిరిగి భాయ్ దగ్గరికి పోతే ఆయన నవ్వు ఆపుకోలేదు. "కాపీ చేస్తే లేవదు సార్. ఆ ఫైలును పెన్‌డ్రైవ్ మీద విప్పి రాయాల, దానికి వేరే సాఫ్ట్‌వేర్ ఉండాది. మీరు చేసింది ఎట్లుండాదంటే, బియ్యం మూట దించి అన్నం యాడ అన్నట్టుండాది." ఆయనే రాసి ఇచ్చాడు.

శనివారం బడికి సెలవు పెట్టాను. కారణం అన్నచోట వ్యవసాయ పనులు అని రాశాను. ఆ రోజు నేను చేసిన వ్యవసాయం ఇది: పెన్‌డ్రైవ్ పెట్టడం, ఎఫ్12 నొక్కడం. తెర మీద ఎర్రటి పెట్టె ఒకటి, అందులో రెండు ముక్కల ఇంగ్లీషు. ఎంటర్ నొక్కితే అది పోయి తెల్లచుక్కలు వచ్చేవి. పెన్‌డ్రైవ్ పాడైందని తేల్చుకుని మా ఆవిడది తీసుకున్నాను. దాని మీద లినక్స్ రాయించాను. అందులో ఆమె తమ్ముడి పెళ్లి ఫోటోలు ఉండేవి. ఇప్పుడు లేవు. లినక్స్ రాస్తే ముందున్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని భాయ్ చెప్పే ఉంటాడు, నేను వినే ఉండను.

"మీ నాయన పుస్తకాన్ని అమ్ముకున్నారు, మా తమ్ముని పెండ్లిని తుడిచినారు" అంది మా ఆవిడ. "ఇంక మా అమ్మ ఫోటో ఒకటుండాది. గోడకు మేకు కొట్టింది కాబట్టి బతికిపోయె."

మళ్లీ ఎర్ర పెట్టె, మళ్లీ ఎంటర్, మళ్లీ చుక్కలు. మూడో పెన్‌డ్రైవ్ భాయ్‌ది. ఆయన ఈసారి లాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "కుడి పక్క వద్దు సార్, ఎడమ పక్క గుచ్చండి. ఎడమ పక్క మంచిది" అన్నాడు. నేను ఎడమ పక్క గుచ్చాను. కుడి పక్క ఎందుకు మంచిది కాదో అడగలేదు. ఎర్ర పెట్టె వచ్చింది. నాలుగోది అంగడి నుంచి కొత్తగా కొనితెచ్చిన, మూత కూడా ఊడని పెన్‌డ్రైవ్. దానికీ అదే మర్యాద జరిగింది. పొద్దు వాలే వేళకు నా చూపుడువేలు ఎంటర్ మీటకు అతుక్కుపోయింది. పెట్టె పూర్తిగా కనబడకముందే నొక్కేయడంలో మంచి నేర్పు వచ్చింది.

ఆదివారం మొదటి బస్సుకు మా నాయన దిగాడు. చెప్పులు గుమ్మం బయట వదిలి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"చూసి చెప్తానంటివే. ఇంగా చూస్తానే ఉండావా?"

దాచడానికి ఇక చోటు లేదు. లాప్‌టాప్ చెడిందని, లోపల ఫైలు భద్రంగా ఉందని, తలుపే తెరుచుకోవడం లేదని చెప్పాను. చేసి చూపించాను. ఎర్ర పెట్టె వచ్చింది. నా వేలు దాని పని అది చేసేసింది.

"ఆగప్పా. ఆ ఎర్రగా వచ్చినాదే, అదేందది?"

"ఏదో ఎర్రర్ నాయనా."

"అది నాకూ కనపడతాండాది. ఏమని రాసినాది?"

రెండు రోజుల్లో నలభైసార్లు చూశాను ఆ పెట్టెను. చదవలేదు. మళ్లీ మొదటినుంచి చేసి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మొదటిసారి చదివాను. సంతకం చెల్లదని, భద్రతా నియమం ఒప్పుకోదు కాబట్టి దీన్ని లోపలికి రానివ్వనని ఉంది. తెలుగులో చెప్పాను.

"సంతకం లేదు, రానియ్యనంటాండాది. పెన్‌డ్రైవ్ మారిస్తే సంతకం వచ్చేస్తాదా?"

నేను పెన్‌డ్రైవ్ ఊడబీకి చేతిలో పట్టుకున్నాను.

"ఎన్ని మార్చినావు?"

"నాలుగు."

"నేనూ నాలుగే రా" అన్నాడు మా నాయన. "నాకు బండ కింద ఏముండాదో చెప్పేవాడు లేడు. నీకు ఎదురుగా రాసి చూపిస్తాంటే చదవలేదు."

లోపలి నుంచి మా ఆవిడ నవ్వు వినబడింది. ఆమె నవ్వడంలో తప్పేమీ లేదు. ఫోన్‌లో ఆ ఎర్ర అక్షరాల్నే కొట్టి వెతికితే కారణం అరనిమిషంలో దొరికింది. సంతకం లేని సిస్టమ్‌ను అడ్డగించే కాపలా ఒకటి ఆ లాప్‌టాప్‌లో ఉంటుందట. దాన్ని సెక్యూర్ బూట్ అంటారు. నేను దింపుకున్న తేలికపాటి లినక్స్‌కు ఆ సంతకం లేదు. సెట్టింగుల్లోకి పోయి ఆ కాపలాను పక్కకు జరిపాను. నాలుగు పెన్‌డ్రైవ్‌లలో చేతికందినది ఒకటి పెట్టాను. నల్లతెర మీద తెల్లటి వరుసలు పరిగెత్తాయి, తర్వాత నీలం తెర పరుచుకుంది, లోపలి డిస్కు కనబడింది. అందులో నా ఫైలు ఉంది. ముందు దానికి కాపీ తీసుకున్నాను. నిజం చెప్పాలంటే ఏడుపు వచ్చినంత పనయింది. లేచి నిలబడి మా ఆవిడను కూడా పిలిచి చూపించాను.

ఇక నా ప్రతాపం చూడాలి. ఆరుద్ర కార్తె, జానెడు పదును అని అడిగేసరికి లాప్‌టాప్ తొమ్మిదేళ్లు ఏరి తెర మీద పరిచింది. "ఇదే నీ పుస్తకంలో అయితే పొద్దంతా తిరగేయాలి నాయనా" అన్నాను. ఒక్కొక్క ఏడూ, తారీఖూ గట్టిగా చదివాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. తొమ్మిదీ అయ్యాక కూడా వింటున్నట్టే కూర్చున్నాడు.

"ఊఁ. పక్కది చదువు."

"పక్కన ఏముంది? అంతే."

"పక్కన నేను రాసినా గదప్పా. విత్తినామా, ఆగినామా, తర్వాత ఏమాయె అని. వాన ఎప్పుడు పడిందని చూసుకోని ఏం జేస్తా? పడినాక ఏమాయెనో గదా చూసేది."

అప్పుడు నాకు ఆ సన్నటి అక్షరాలు కళ్ల ముందుకు వచ్చాయి. విత్తినాము, మళ్లీ వాన లేదు, మాడిపోయె. ఆగినాము, మేలాయె. తొందరపడినాము. ఇట్లాంటివే. టైపు చేసేటప్పుడు వాటిని చూసి నవ్వుకున్నాను కూడా, లెక్కల పుస్తకంలో ఈ ఏడుపులేమిటని.

"అవి కొట్టలేదు నాయనా" అన్నాను. "అవసరం లేదనుకున్నా."

ఆయనకు కోపం రాలేదు. పెద్ద విషయమే కాదన్నట్టు చెయ్యి చాపాడు. "సరేలే, దానికేమి. పుస్తకం తే. నేనే చూసుకుంటా."

వంటింట్లో కత్తి చప్పుడు ఆగిపోయింది. నేను చెప్పాను. పాత పేపర్ల బండి అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను. ఆయన చాపిన చెయ్యి కాసేపు అట్లాగే ఉంది.

"ఏమిచ్చినాడు?"

"ఎర్రగడ్డలు."

తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి వెనక్కి తీసుకుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అన్నం తిని పొమ్మని మా ఆవిడ బతిమాలింది. "పదును ఆరతాంది తల్లీ" అని గుమ్మం దిగిపోయాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆయన వెళ్లాక కూడా తెర మీద ఆ తొమ్మిదేళ్లు వెలుగుతూనే ఉన్నాయి, మూడు నిలువు వరుసల్లో, ఒక్క తప్పు లేకుండా.

మూడు వారాల తర్వాత ఊరికి పోయాను. దారి పొడుగునా చేలు చూస్తూనే ఉన్నాను. మొలకలు బెత్తెడు లేచి, ఆకులు ముడుచుకుని ఉన్నాయి. మా నాయన ఇంట్లో లేడు. కిటికీలో కొత్త పొడుగాటి పుస్తకం ఒకటి ఉంది. తీసి చూశాను. మొదటి పేజీలో ఒక్కటే వరుస. తారీఖు, ఆరుద్ర, జానెడు. ఈసారి వాటిని వదిలేసి పక్కది చదివాను.

"పుస్తకం ఎర్రగడ్డలకు పోయె. అందాజుగా విత్తినాము. మళ్లీ వాన లేదు."