గుల్లల్ని చదివిన కనకయ్య కాక

కనకయ్య కాక ఇక లేడని మొన్న పొద్దున శ్రీరాంపూర్ నుంచి ఫోను వచ్చింది. ఉట్నూర్ బడిలో పిల్లలకు భిన్నాలు చెబుతున్నదాన్ని, సుద్దముక్క పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నాను. బొగ్గుగనిలో ఫిట్టరుగా జీవితం ధారపోసి, పదవీ విరమణ తర్వాత కరీంనగర్‌లో మా రైఫిల్ క్లబ్బు తుపాకులకు వైద్యుడైన ఆ నిరాడంబర కర్మయోగి అస్తమించాడు.

గురి తప్పుతోందని ఎవరైనా చిల్లులు పడ్డ లక్ష్యపు కాగితం పట్టుకొస్తే ఆయన దానివైపు చూసేవాడు కాదు. పేల్చిన తూటాల ఖాళీ గుల్లలు తెమ్మనేవాడు. “కాయితం మనిషి మీద చాడీలు చెప్తది బిడ్డా. గుల్ల ఉన్నదున్నట్టు చెప్తది” అనేవాడు. గుల్లలకు జాతకం చూసే పంతులని మేం ఆటపట్టించేవాళ్ళం.

ఓ ఏడు రాష్ట్ర జట్టు ఎంపికకు ముందు నా తూటాలు ఉన్నట్టుండి గురికి కిందుగా పడసాగాయి. ఊపిరి బిగబట్టే తీరు మార్చాను, బోర్లా పడుకుని గురిచూసే తీరు మార్చాను, కొండగట్టు పోయి మొక్కుకున్నాను. ఎంపిక పెద్దలు మాత్రం నా చెయ్యి వణుకుతోందని తేల్చి, పేరు కొట్టేయబోయారు. ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

కాక తొందరపడలేదు. ఒక్కో తూటాకు సిరాచుక్క పెట్టి, ఆ చుక్క పైకి ఉండేలా ఎక్కించి, నాతో ఐదు పేల్పించాడు. గుల్లలు వరసగా పేర్చి భూతద్దం పెట్టాడు. గుల్ల అడుగున నిప్పు రాజేసే మందుబిళ్ళకు నట్టనడుమ తగలాల్సిన ఫైరింగ్ పిన్ను దెబ్బ ఐదింటిలోనూ ఎడమకే పడింది, రెండింటిలో లోతు కూడా తక్కువ. తుపాకీ వెనక గడియలా జరిగే బోల్టు విప్పి, లోపలి పిన్నుకు దీపం మసి పూసి, లోపలికి తోసి తీశాడు. మసి ఒక్క పక్కే చెరిగింది. పిన్ను వంకర కాదు. బోల్టు వెనక మూత వెంట్రుకవాసి ఒరిగి దాన్ని పక్కకు నెడుతోంది. అలా రాసుకుంటూ పోయే పిన్ను ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా కొడుతోంది; మెత్తగా కొట్టినప్పుడు తూటా వేగం తగ్గి కిందికి పడుతోంది.

ఆ మూతను ఏడాది కింద బిగించింది ఆయనే; నాటి చిన్న తేడా వాడకంతో ముదిరింది. ఆ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ గుర్తులేదు. గుట్టుగా సరిచేసి ఊరుకోవచ్చు. క్లబ్బులో ఆయన మాటే వేదం, ఆ పేరే ఆయన సంపాదన. అయినా పెద్దల బల్ల దగ్గరికి నడిచి అందరూ వినేట్టు చెప్పాడు.

“గీ బిడ్డ చెయ్యి వణుకుతలేదు సార్. మూత బిగించినప్పుడు నేనే సక్కగ చూడలే. తప్పు నాది, రాసుకోండ్రి.”

పెద్దలు మర్నాటి ఎంపిక పోటీలో నన్ను దిగనివ్వడానికి ఒప్పుకున్నారు. కాక ఆ మూత అంచును సానరాయి మీద రుద్దుతూ, మసి పూసి మళ్ళీ మళ్ళీ చూస్తూ పొద్దు గూకేదాకా కూర్చున్నాడు. చివరి ఐదు గుల్లల్లోనూ దెబ్బ నడిమధ్యన, ఒకే లోతున పడింది. మర్నాడు మొదటి స్థానం నాది. చెయ్యి వణుకుతోందన్న పెద్దమనిషే నా మెడలో పతకం వేశాడు. ఎంత గర్వపడ్డానో ఇప్పటికీ దాచుకోలేను.

ఫోటోకని వెతికితే కాక ఆయుధాల గదిలో ఉన్నాడు. తన చేతుల మీదుగా పోయిన రైఫిళ్ళన్నీ పరిచి ఒక్కొక్కటే విప్పుతున్నాడు. రమ్మని చెయ్యి పట్టుకున్నాను.

“ఫోటోల నేను లేకున్నా నడుస్తది. గిది ఇంకో బిడ్డ తుపాకి” అన్నాడు, తల ఎత్తకుండానే.

పనితనం ఉన్నవాళ్ళు రేపు మరొకరు వస్తారు. ఆ నిజాయితీ ఉన్న చోటు మాత్రం ఇక శూన్యమే. కాకా, ఆనాడు మా కోసం నీ పేరును పణంగా పెట్టినవు. అది పోలేదు. గెలిచిన ప్రతిసారీ మేము ముందుగా పలికేది ఆ పేరే.