డీఫ్రాగ్‌లో కదలని గడి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఇప్పటికీ చిరాకే. అయినా ఇది రాస్తున్నాను. ఇందులో నాకు ఒళ్ళు మండే సంగతి వేరే ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేడ్చల్‌లో నాకు డీటీపీ సెంటర్ ఉండేది. లాల్‌గడి మలక్‌పేట్‌లో మా ఉమ్మడి పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముదామని పెద్దనాయిన మ్యాపు గీసే పని నాకే ఇచ్చాడు. ఆ పొలం మధ్యలో అవ్వ సమాధి ఉంది. ఆయన్ని కన్న తల్లి. ఏటా పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, ఇంటిల్లిపాదీ వెళ్ళి అక్కడ దీపం పెట్టేవాళ్ళం.

సమాధిని చిన్న నల్ల గడిగా గీసి, చుట్టూ ఖాళీ వదిలాను. పెద్దనాయిన మండిపడ్డాడు.

“గా గడి తీసెయ్. సమాధి ఉన్న జాగ ఎవడు కొంటడు? ఆడ పద్నాలుగో ప్లాటు గియ్యి.”

“అవ్వ ఆడ్నే ఉన్నది గదా, పెద్దనాయినా.”

“నువ్వేంది నాకు జెప్పేది?”

మా ఇంట్లో పెద్దవాళ్ళకు ఎదురు చెప్పరు. నోరు మూసుకుని గడి చెరిపాను, ప్లాటు గీశాను.

కంప్యూటర్ అప్పటికే నత్తనడక నడుస్తోంది. ప్రింట్‌కు ముందు డీఫ్రాగ్ పెట్టాను. డిస్కులో ముక్కలుగా చెదిరిన ఫైళ్ళను అది ఒకచోటికి సర్దుతుంది. తెర మీద రంగు గడులు ఒక్కొక్కటే పైకి జరుగుతుంటాయి. మధ్యాహ్నమంతా దాని ముందే కూర్చున్నాను. అన్నీ సర్దుకున్నాయి. మధ్యలో ఒక్క గడి కదల్లేదు, దాని చుట్టూ ఖాళీ. అది మామూలే, కొన్ని సిస్టమ్ ఫైళ్ళు కదలవు.

మ్యాపు తెరిచాను. పద్నాలుగో ప్లాటు లేదు. నల్ల గడి ఉంది.

సేవ్ చేయలేదేమో అనుకుని మళ్ళీ గడి చెరిపి ప్లాటు గీశాను. సేవ్ చేసి, మూసి, తెరిచి చూసుకున్నాను. ప్లాటు ఉంది. డీఫ్రాగ్ పెట్టాను. మ్యాపులో మళ్ళీ గడి వచ్చింది.

పంతం కొద్దీ కొత్త హార్డ్ డిస్క్ బిగించాను. మ్యాపు మొదటి గీత నుంచి గీశాను, ఈసారి సమాధి జోలికే పోలేదు. డీఫ్రాగ్ అయ్యాక తెరిస్తే అదే చోట అదే గడి. షాపులో నేను తప్ప ఎవరూ లేరు.

పెద్దనాయినకు చూపించాను. “నీకు పని రాదు పో” అని సికింద్రాబాద్‌లో ఇంకొకరితో గీయించుకున్నాడు. వారం తిరక్కుండా డోజర్ పెట్టి సమాధిని చదును చేయించాడు. నేను గట్టు మీద నిలబడి చూశాను.

ఆయన మీద కోపం ఇంకా చల్లారలేదు. ఆ గడి ఎలా వచ్చిందో ఇన్నేళ్ళు బుర్ర చించుకున్నా నాకు అంతుపట్టలేదు. ఎవరో మూడుసార్లు అవ్వను ఆమె చోట్లో పెట్టారు. అది నేనైతే కాదు. నేను రెండుసార్లు చెరిపాను, మూడోసారి గీయనే లేదు.